క్రోమోజోముకు రాణి రంగు

మా నాయన ధర్మవరంలో పట్టు నూలుకు రంగులద్దేవాడు. ఆ రోజు ఏ రంగు అద్దాడో ఆయన మోచేతులు చూసి వీధంతా చెప్పేది. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకున్నాను. నా మోచేతులు తెల్లగా ఉండాలన్నదొక్కటే నా ఆశయం. రెండో ఏడు ప్రాక్టికల్స్ తప్పితే అద్దకంలోకి దిగాలని ఇంట్లో ముందే ఒప్పందం.

పరీక్ష హిందూపురంలో. ఉల్లి వేరు కొసకు రంగు పట్టించి క్రోమోజోములు చూపించాలి. ల్యాబులో రంగు సీసా ఎండిపోయిందని ముందురోజే తెలిసింది. మిగతావాళ్ళు దిగులుపడ్డారు. నేను మాత్రం ఇంట్లో రాణి రంగు చిన్న సీసాలోకి వంపుకున్నాను. పులుపు తగలకుండా, వేడి చూపకుండా ఏ రంగూ పట్టదని నాయన చెప్పబోయాడు.

“ఇది సైన్సు నాయనా,” అన్నాను.

పెనుకొండ దాటేదాకా రైల్లో క్రోమోజోము పేరు వెనకున్న గ్రీకు వల్లించాను. క్రోమా అంటే రంగు, సోమా అంటే ఒళ్ళు.

పరీక్షలో వేరు కొసను రంగులో ముంచి, కడిగి, గాజుపలక మీద నలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. మోచేతుల దాకా నా చేతులు, చొక్కా, బల్ల అన్నీ రాణి రంగు. ఉల్లి వేరొక్కటే తెల్లగా ఉంది.

ఇక సైన్సును పక్కన పెట్టి నాయన మాట విన్నాను. రంగులో పులుపుకని నాలుగు చుక్కలు అసెటిక్ ఆసిడ్ కలిపి, కొత్త వేరు వేసి, స్పిరిట్ దీపం మీద వెచ్చచేశాను. ఈసారి కణాల్లో దారప్పోగులు తేలాయి.

ఎగ్జామినరు క్రోమోజోము అన్న పేరుకు అర్థం అడిగాడు. గ్రీకు అప్పజెప్పాను.

“దానికి సొంత రంగు ఉండాదేమప్పా?”

నా గ్రీకు అక్కడికి అయిపోయింది.

“లేదు సార్. తెల్లపట్టు మాదిరే. రంగు తాగితేనే కనపడతాది. అందుకే ఆ పేరు.”

ఆయన నా చేతులు చూసి, ఇంట్లో ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాను. పాసైపోయావు, పొమ్మన్నాడు.

ఇంటికొస్తే అవ్వ నా మోచేతులు చూసి, పరీక్ష తప్పి అప్పుడే అద్దకం పనిలో చేరాననుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను ఊరడించాక నాయనకు సంగతంతా చెప్పాను.

“ఆ పేరు పెట్టినాయప్పది యావూరు?”

“జర్మనీ.”

“రంగు పట్టిచ్చినాకనే కనపడిందంటే, ఆయప్ప గూడా మన పనోడే,” అని సబ్బుబిళ్ళ నా చేతిలో పెట్టాడు.

ఏ పులుపూ ఏ వేడీ లేకుండా చేతులకు పట్టిన ఆ రంగు పది రోజులు వదల్లేదు. పాసయ్యాను గానీ, తెల్ల మోచేతుల ఆశయం మాత్రం అన్నాళ్ళు వాయిదా పడింది.