జానీ, నేను, గేదె పలుపు

మా చిన్నప్పుడు... వన్ టౌన్‌లో మా సందు మొదట్లో పొద్దున్నే ఒక కేక వినపడేది. "అమ్మో, జానీ వస్తోందర్రా!" అంతే... అరుగుల మీద పేపరు చదువుకునే పెద్దమనుషులు కాళ్లు పైకి లాక్కునేవారు. ముందు జానీ, వెనక పలుపు, ఆ పలుపు చివర నేను. కుక్కని నేను తిప్పుతున్నానని మా ఇంట్లో అనుకునేవాళ్లు. అదే నన్ను తిప్పుతోందని వాడకంతా తెలుసు.

నాకప్పుడు పదకొండేళ్లు. మా నాన్న లారీ బుకింగ్ ఆఫీసులో గుమస్తా. అక్కడికొచ్చే ఒక డ్రైవరు ఒంట్లో బాగాలేక బండి మానేస్తూ, తన కుక్కని నాన్న చేతిలో పెట్టాడు. ఆల్సేషన్ అన్నాడు. సగం నిజమే, మిగతా సగం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి... దూడంత ఉండేది. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ లారీ క్యాబిన్‌లోనే పెరిగిందేమో, నేల మీద నెమ్మదిగా నడవడం దానికి ఎవరూ నేర్పలేదు.

గొలుసు రెండో రోజే తెంపేసింది. అప్పుడు అమ్మ పుట్టింటి నుంచి గేదెని కట్టే పలుపు తెప్పించింది. అమ్మకి కుక్కంటే భయం, నాన్నకి పొద్దున్నే డ్యూటీ. ఇంక మిగిలిందెవరు? నేనే!

ఇంకో తమాషా చెప్పాలి... కుక్కలకి ఇంగ్లీషు తప్ప అర్థం కాదని మా వాడలో అందరికీ గట్టి నమ్మకం. జన్మలో ఇంగ్లీషు ముక్క మాట్లాడని మా అమ్మ కూడా వంటింటి గుమ్మంలోంచి "జానీ, గో! గో అండీ!" అనేది. భయంతో ఆ 'అండీ' దానంతటదే వచ్చేసేది. నాదేమో తెలుగు మీడియం. వచ్చిన మాటలన్నీ వాడేశాను. స్టాప్, సిట్, స్లో, ప్లీజ్... ఆఖరికి "జానీ, ఐ యామ్ యువర్ ఫ్రెండ్" అని కూడా మొరపెట్టుకున్నాను. వింటేగా! లారీలో పెరిగినదానికి ఇంగ్లీషు ఎవరు చెప్పారు పాపం?

దానికి తెలిసిన కేక ఒక్కటే. ఎక్కడైనా క్లీనరు లారీ తలుపు చరిచి "రైట్, రైట్!" అన్నాడా... అయిపోయానన్నమాటే. తన బండే కదిలిపోతోందనుకుని దాని వెనక పడేది. సరుకు దించి కదిలే లారీలకి వన్ టౌన్‌లో కొదవా? నా అరచేతులు పలుపుకి ఒరుసుకుపోయి భగభగ మండేవి. అమ్మ కొబ్బరినూనె రాసి ఊదేది, తిట్టేది, మళ్లీ ఊదేది.

అయినా అదంటే నాకు ప్రాణం. నేను బడి నుంచి రాగానే ఆ తోక ఊపుడికి నీళ్ల చెంబులన్నీ దొర్లిపోయేవి... నాకోసం అంత సంబరపడినవాళ్లు మళ్లీ దొరకలేదు.

ఒకరోజు నాన్న తేల్చి చెప్పేశారు. "చూడమ్మాయ్, ఇది ఇంకొక్కళ్ల మీద పడిందంటే మైలవరం దగ్గర తెలిసినవాళ్ల మావిడితోటకి పంపించేస్తాను. తర్వాత నీ ఇష్టం."

నా ఇష్టమట! దాని బలం ముందు నా ఇష్టమెంత?

రంజాన్ పండగ వచ్చింది. మా పక్కింటి మస్తాన్ బాబాయ్‌ది సైకిల్ సామాన్ల కొట్టు. తెల్లటి కొత్త బట్టలు, టోపీ, అత్తరు వాసన... నమాజుకి బయల్దేరారు. ఆయన్ని చూడగానే నేను పలుపు ముంజేతికి చుట్టుకుని, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. ఆయన నవ్వుతూ "ఏం జానీ, పండక్కి మా ఇంటికి రావా?" అన్నారు. సరిగ్గా అప్పుడే సందు చివర్నుంచి... "రైట్, రైట్!"

నేను మోకాళ్ల మీద పడ్డాను. తలెత్తి చూస్తే, దాని దారికి అడ్డంగా ఉన్న బాబాయ్ గుండెల మీద రెండు బురద పాదాలు, భుజం నిండా చొంగ. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ముందు నన్ను లేపారు. "దెబ్బ తగిలిందా తల్లీ? ఏడవమాక. నోరులేని జీవం, దానికేం తెలుసు?" అన్నారు. కానీ కుక్క చొంగ అంటిన బట్టలతో నమాజు చెయ్యరు కదా... గబగబా లోపలికెళ్లి కడుక్కుని, పాత బట్టలు వేసుకుని పరిగెత్తారు. నమాజు అందిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం ఏటా పంపినట్టే బాబాయ్ వాళ్లింటి నుంచి గిన్నె నిండా షీర్ ఖుర్మా, అదే పండగ సేమ్యా పాయసం, వచ్చింది. నాన్న ఆ గిన్నె వంక చూస్తూ తల పట్టుకున్నారు. "ఆయన ఒక్క మాట తిట్టినా బాగుండేది. రేపే పంపించేస్తున్నాను" అన్నారు. నేను ఏడ్చాను. ఆ భయస్తురాలు అమ్మ కూడా ఏడ్చింది. సాయంత్రం మస్తాన్ బాబాయే వచ్చి "వద్దన్నయ్యా, పసిదాని మనసు కష్టపెట్టమాకండి" అన్నా నాన్న వినలేదు.

తెల్లారి మైలవరం వైపు వెళ్లే లారీ సందు చివర ఆగింది. నాన్న పలుపు నా చేతికే ఇచ్చారు. "నువ్వే తీసుకురా, నీ మాటయితే వింటుంది" అన్నారు. ఎప్పుడు విన్నదని!

నేను అరుగు స్తంభాన్ని వాటేసుకుని కూర్చున్నాను. "జానీ, సిట్" అన్నాను. "స్టాప్" అన్నాను. ఆఖరికి తెలుగులోనే "వెళ్లమాక జానీ, నీకు దణ్ణం పెడతాను" అన్నాను. అది వెనక్కి తిరిగి నా మొహం నాకింది. ఒక్క క్షణం ఆగింది కూడా...

క్లీనరు తలుపు చరిచాడు. "రైట్, రైట్!"

స్తంభం చేతిలోంచి జారిపోయింది. చెప్పు ఎక్కడో ఊడిపోయింది. నా బలమంతా పెట్టి వెనక్కి లాగాను... అది నన్ను ఈడ్చుకుంటూ వెళ్లి, ఎన్నడూ లేనంత సంతోషంగా క్యాబిన్‌లోకి దూకింది. పలుపు వదిలేశాను, కాదు... పలుపే నన్ను వదిలేసింది. లారీ కదిలేదాకా కిటికీలోంచి నన్నే చూస్తూ తోక ఊపింది. నేనూ ఎక్కుతాననుకుంది కాబోలు.

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో కుక్కలకి ట్రైనర్లు వస్తున్నారు. యజమాని ఒక చేత్తో ఫోన్ చూసుకుంటుంటే పక్కనే బుద్ధిగా నడుస్తాయి. తాడు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. మంచిదే... ఎవరి చేతులూ ఒరుసుకుపోవు. నాకు మాత్రం రోడ్డు మీద ఎవరైనా "రైట్, రైట్" అంటే చాలు, ఈ వయసులో కూడా గుప్పిళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

మీరూ ఎవర్నైనా ఇలాగే పట్టుకుని ఆపలేకపోయారా? కింద రాయండి... ఈ పూట నాకు తోడుగా ఉంటుంది.