సాయంత్రం ఆగిన పిండి మర

నా గొంతు పుట్టుకతో ఇట్లా లేదు. పిండి మర చప్పుడు మీద అరిచీ అరిచీ బొంగురుపోయింది. నాకు రాత సంతకం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే వేరేవాళ్లు రాస్తున్నారు.

విజయవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల వెనక సందులో ఒక మేడ. కింద మా పిండి మర. దాని వెనక గదిలో నేనూ, నా ఇద్దరు ఆడపిల్లలూ. పై వాటాలో టైలరు సాయిబు గారు, ఆయన భార్య. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ మర ఒక్కటే. అది తిరిగితేనే మా పొయ్యి వెలిగేది.

మరకు గిరాకీ అంతా సాయంత్రమే. ఆడవాళ్లు పొద్దున కడిగి ఎండబోసిన బియ్యం, గోధుమలు చల్లబడ్డాక డబ్బాల్లో పోసుకుని వచ్చేవాళ్లు. సరిగ్గా నేను మోటారు వేసేసరికి పైన బల్బు ఎర్రబడేది. టైలరు గారి భార్య మెట్ల మీదకొచ్చి కేకేసేది.

"వదినా! నీ మర తిరిగితే మా బల్బు గుమ్మడిపండు రంగుకొస్తోంది. నల్లగుడ్డ మీద నల్లదారం, మా ఆయన ఏం కుట్టాలి, తన వేలా?"

"కుట్టుకుంటే నేనొచ్చి కుట్లు విప్పుతాలే వదినా, లోపలికి పో!"

ఇద్దరం ఒకరికొకరం వదినలమే. పోట్లాట మాత్రం రోజూ ఉండేది. సందు మొత్తానికి తెలుసు.

తొంభైల్లో ఊళ్లో కూలర్లు ఎక్కువయ్యాయి. గవర్నర్‌పేట లాడ్జీల్లో ఏసీలంట. ఒక ఎండాకాలం మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా జనం విసనకర్రలతో అరుగుల మీదే. కొత్తది పెట్టాక కరెంటాఫీసు నుంచి ఒకాయన వచ్చి పెద్ద మోటార్లున్న వాళ్లందరినీ కలిశాడు.

"దీపాలు పెట్టేవేళ నుంచి అందరి భోజనాలు అయ్యేదాకా మోటారు వెయ్యొద్దమ్మా" అన్నాడు.

"అందరూ వాడుకునేదే కదండీ, నా ఒక్కదాని నోరే కొట్టాలా?" అన్నాను.

"కరెంటు మీ డబ్బాలో బియ్యం కాదమ్మా, పొద్దున మిగిలింది సాయంత్రానికి దాచుకోడానికి. అందరూ ఒకేసారి లాగితే వైరు తట్టుకోదు. మీ మోటారు ఆ కాసేపు ఆగితే ఈ సందులో ఇళ్లన్నిటికీ ఫ్యాన్లు తిరుగుతాయి. పొద్దున మీ ఇష్టం, ఎంతసేపైనా వేసుకోండి."

ఆయన వెనకాల మా వదిన చేతులు కట్టుకుని నిలబడింది. అర్జీ పెట్టింది ఎవరో నాకు వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఆపాను. "డబ్బాలు సాయంత్రం ఇచ్చి వెళ్లండి, పొద్దున ఆడించి పెడతాను" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. ఒక్కరూ ఇవ్వలేదు. మర దగ్గర పద్ధతే అది. ఎవరి గింజలకు వాళ్లే కాపలా. తొట్టిలో తన బియ్యం పడేదాకా చూడాలి, ముందువాళ్ల పిండి ఇంకా మరలో ఉంటుందని మొదటి గుప్పెడు తీసేయించాలి, వేళ్ల మధ్య నలిపి చూసుకోవాలి. కళ్లముందు ఆడించకపోతే అది తన పిండి కాదు. వరలక్ష్మీ వ్రతానికి పట్టించుకునే పిండిలో ఎవరిదో మిరప్పొడి కలిస్తే? నన్ను నమ్మక కాదు, అలవాటు అట్లాంటిది. డబ్బాలు సైకిళ్ల మీద, ఈ కట్టడి లేని కాలవ అవతలి మరకు పోవడం మొదలైంది. పొద్దునపూట నా మర దగ్గర ఈగలు.

ఇట్లాగే నడిస్తే మర అమ్ముకోవడమే. ఒకరోజు సాయంత్రం మెట్లెక్కి పైకి వెళ్లాను.

"బల్బు బాగా వెలుగుతోందా వదినా?"

"పెళ్లివారి పందిట్లోలా వెలుగుతోంది."

"నా మర ఆగితే వెలిగింది. రేపటి నుంచి పొద్దున్నే దిగి నా మర దగ్గర కూర్చో."

"నేనా? నీ పిండిలో తుమ్ముకుంటూ కూర్చోడానికి నాకేం పని?"

"నువ్వు నన్ను తిట్టని రోజు లేదని అందరికీ తెలుసు. నా తప్పు దొరికితే నువ్వు దాచేదానివి కాదు. నువ్వు చూశానంటే నమ్ముతారు."

సాయిబు గారు మిషను మీద నుంచి తలెత్తకుండానే నవ్వారు. "వెళ్లవే. తిట్టాలంటే మెట్ల మీదకొచ్చి కేకలెయ్యక్కర్లేదు, పక్కనే కూర్చుని తిట్టొచ్చు."

వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని స్టూలు వేసుకుని కూర్చుంది. వస్తూ వస్తూ మిషను కింద పడ్డ గుడ్డ పేలికలు తెచ్చింది. సాయంత్రం డబ్బాలు వచ్చే వేళకు ఒక్కో పేలికను రెండుగా చింపి, సగం డబ్బా చెవికి కట్టేది, సగం డబ్బా తెచ్చినవాళ్లకు ఇచ్చేది. పువ్వుల గుడ్డ తెచ్చినవాళ్లకు పువ్వుల డబ్బా. మిరపకాయలు చిట్టచివర ఆడించాలని రూలు పెట్టింది కూడా ఆవిడే. ఇక నా మర మీద నాకంటే ఆవిడ పెత్తనమే ఎక్కువ.

ఆవిడ దగ్గరుండి చూస్తుందని విని అందరికంటే ముందు డబ్బా ఇచ్చి వెళ్లింది బియ్యం కొట్టాయన భార్య. వ్రతానికి పిండి. పొద్దున వచ్చి వేళ్లతో నలుపుతూ, "ఇది నా బియ్యమేనంటావా?" అంది నాతో.

నేను నోరు తెరిచేలోపు మా వదిన అందుకుంది. "బియ్యం కొట్టు పెట్టుకుని ఇన్ని రాళ్లున్న బియ్యం తెచ్చేది నువ్వు కాక ఇంకెవరు? కూర్చుని ఏరాను. ఈవిడ తొందరపడుతుంటే ఆపి మరీ ఏరాను. చూపించనా?"

ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పడీపడీ నవ్వింది. ఆ మాట సందంతా పాకింది. కాలవ అవతలికి పోయిన డబ్బాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. సాయంత్రం అయ్యేసరికి నా అరుగు మీద రంగురంగుల పేలికలతో డబ్బాల వరస. మర అమ్మలేదు. పిల్లలిద్దరి పెళ్లిళ్లూ దాని మీదే చేశాను.

చాలా ఏళ్లకు సందులో ఇంకో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఇక సాయంత్రాలు వేసుకోవచ్చన్నారు. ఆ సాయంత్రమే స్విచ్చి వేశాను. ఆడవాళ్లు వచ్చారు, డబ్బాలు అరుగు మీద పెట్టారు, పేలిక కోసం చెయ్యి చాపారు, నేనిచ్చింది తీసుకుని వెళ్లిపోయారు. ఒక్కరూ నిలబడలేదు. మర ఉత్తదే తిరుగుతోంది. డబ్బాలయితే ఉన్నాయి, చూసేవాళ్లు లేరు. చూసే మనిషి పైన అన్నం వండుకుంటోంది. ఆవిడ లేకుండా డబ్బా మూత తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మోటారు ఆపేశాను.

పైనుంచి కేక. "ఆపావేం వదినా? బల్బు కొంచెం కూడా తగ్గలేదు!"

"నువ్వు లేవుగా. పొద్దున్నే ఆడిద్దాంలే."

"అయితే పైకి రా, టీ పెట్టాను."