ఆవిడకి తెలిసిన మొదటి వాసన

లాక్‌డౌన్ సడలించాక ఐర్లండ్‌లోని నేవన్‌లో మా ఇంటికి వచ్చిన మొదటి అతిథి పక్కింటి ఐరిష్ పెద్దావిడ. చలికాలంలో ఆవిడకి కోవిడ్ వచ్చి తగ్గింది గానీ, పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. "ఏం తిన్నా అట్ట నమిలినట్టే," అని గోడ అవతల నుంచి చెబుతూ ఉండేది.

ఆవిడ కోసం, ఇక్కడివాళ్లు అతిథులకి చెక్క పలక మీద చిరుతిళ్లు సర్దిపెట్టే షార్కుటరీ బోర్డు పెట్టాలనుకున్నాను. అసలు దాని మీద ఉండాల్సింది మాంసం. అది మా ఇంట్లోకి రాదు. చపాతీ పీట కడిగి చెడ్డార్ చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్లు, జంతికలు సర్దాను. మాంసం ఉండాల్సిన చోటు బోసిగా కనిపిస్తే, అమ్మ నేర్పిన మాగాయకి ఇంగువ పోపు వేసి గిన్నెలో పెట్టాను. ఇల్లంతా గుప్పుమంది.

"అమ్మా, ఇట్ స్టింక్స్! షీ విల్ రన్ అవే!" అంది మా అమ్మాయి ముక్కు మూసుకుని.

పెరట్లో బల్ల మీద పీట పెట్టగానే ఆవిడ తలెత్తింది.

"ఏమిటా వాసన?"

సిగ్గేసి గిన్నె తీసెయ్యబోయాను. ఎవరూ ఎవర్నీ ముట్టుకోని ఆ రోజుల్లో ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఉండనీ తల్లీ. నాకు తెలుస్తోంది!"

గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని, "అబ్బ, ఎంత ఘోరంగా ఉందో!" అంటూ నవ్వింది. కళ్లల్లోంచి మాత్రం నీళ్లు కారిపోతున్నాయి.

రోజూ అగరుబత్తి వెలిగించే నేను, ఆ వాసన తెలియడం కూడా దేవుడిచ్చిందేనని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆవిడ చెడ్డార్ వాసన చూసింది, తెలియలేదు. ద్రాక్షా తెలియలేదు. మళ్లీ గిన్నె అందుకుంది. నైవేద్యం పెట్టి తెర వేసినప్పటిలా, నేనూ మా అమ్మాయీ పీట మీదవేవీ ముట్టుకోకుండా కూర్చున్నాం.