కుంపటి మీది ఫ్యాను

మా ఆయన ఆ ఫ్యానును తువ్వాలులో చుట్టి తెచ్చినప్పుడు నాకు నవ్వొచ్చింది. పుట్టింట్లో పురిటి మంచం మీదున్న పెళ్ళాన్ని చూడటానికి వచ్చేవాడు పండ్లు తెస్తాడు, లేదా బిడ్డకు టోపీ తెస్తాడు. ఈయన నల్లటి ఇనప ముక్క తెచ్చాడు. జానెడు ఎత్తు, పైన రెక్కలు, వైరు లేదు, బ్యాటరీ లేదు. ఆయనకు వల్లూరు దగ్గర సోలార్ పార్కు గేటులో సెక్యూరిటీ పని. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఇంజనీరు ఒకాయన సామాను సర్దుకుంటూ దీన్ని ఈయన చేతిలో పెట్టాడట. ఆ ఇంజనీరుది ఉత్తరాది కొండల్లో మంచు పడే ఊరు. అక్కడ ఇళ్ళల్లో ఇనప పొయ్యి ఉంటుందట. దాని మీద నిలబెడితే దీని అడుగు కాలి, ఆ వేడికే రెక్కలు తిరిగి, పొయ్యి దగ్గరి వెచ్చదనాన్ని గదంతా పంచుతుందట.

"ఆ పొయ్యికి పొగ బయటికి పోయేదానికి గొట్టం ఉంటాదంట" అని కూడా అన్నాడు మా ఆయన. ఆ మాట అందరం విన్నాం. ఎవరూ పట్టించుకోలేదు.

మా పుట్టిల్లు రాయచెర్లు. మామూలుగా మా వైపు చలి అంటే తెల్లవారుజామున ఒక దుప్పటితో తీరిపోయేది. ఆ ఏడు మాత్రం తుపాను ముసురు పట్టుకుని పగలు కూడా ఎండ మొహం చూపలేదు. వీధిలోకి వస్తే ఎటు చూసినా సోలార్ పలకలు తడిసి బూడిద రంగులో పడి ఉండేవి. నాకు ఆడపిల్ల పుట్టి పురుడు పోసి కొన్నాళ్ళే అయింది. నన్ను చూసుకోవడానికి అవ్వ వచ్చింది. అవ్వంటే మా అమ్మ తల్లి. చుట్టుపక్కల ఎంతమంది పసిపిల్లలకు ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిందో లెక్కలేదు.

బాలింతకు గాలి తగలకూడదు, గదిలో కుంపటి ఆరకూడదు. ఇది అవ్వ చట్టం, దానికి అప్పీలు లేదు. నా చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు బిగించి కట్టు. కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కించింది. తలుపు కింద గోనెపట్ట మడిచి పెట్టించింది.

"నన్నేమన్నా మామిడికాయననుకున్నావా అవ్వా, మాగబెట్టేదానికి?" అని విసుక్కునేదాన్ని.

"మాగితేనే కదమే తీపి" అనేది బోసినోటితో.

ఆ పద్ధతిని నేను తిట్టను. అది పుట్టిన ఇల్లు వేరు. మా పాత మట్టి మిద్దెలో పైకప్పుకు పొగ పోయే గవాక్షం ఉండేది, తలుపు చెక్కల మధ్య వేలు దూరేది, ఎంత మూసినా ఎక్కడో ఒకచోట గాలి దూరి వచ్చేది. పొలం పార్కుకు ఇచ్చాక వచ్చిన కౌలు డబ్బులతో కట్టిన ఈ ఇంటికి సిమెంటు కప్పు, అద్దాల కిటికీలు. వంట గ్యాసు మీదికి మారింది కాబట్టి పొయ్యిలోంచి తీయడానికి నిప్పులు లేవు. వేరుశనగ చేలతో పాటే గట్ల మీది కంది పుల్లలూ పోయాయి. అందుకని నాన్న పావగడ నుంచి సర్కారు తుమ్మ బొగ్గుల బస్తా ఆటోలో వేయించుకొచ్చాడు. ఇప్పుడు ఇవన్నీ వరసగా కనిపిస్తున్నాయి కానీ అప్పుడు ఎవరికీ ఏమీ కనిపించలేదు.

ఫ్యాను నిలవాలంటే కింద చదునుగా ఉండాలి. కుంపటికి పైన నోరే తప్ప చదును ఎక్కడుంది? అమ్మ పాత దోసె పెనం తెచ్చి కుంపటి నోటి మీద పెట్టింది, దాని మీద ఫ్యాను పెట్టింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక రెక్క వణికింది, ఆగింది, మళ్ళీ కదిలింది. చూస్తుండగానే రెక్కలన్నీ కలిసిపోయి చప్పుడు లేకుండా తిరగసాగింది. వీధిలో ఆడవాళ్ళు బిడ్డను చూసే వంకతో వచ్చి ఫ్యానును చూసి వెళ్ళారు. నా బిడ్డ మొహం ఎవరికి గుర్తుందో నాకు అనుమానమే.

అవ్వ మూలలోకి పోయి చేతులు చాపింది. "మే, ఈడికి కూడా వస్తాండాది యెచ్చన! ఇన్నేండ్లూ నేను బిడ్డనెత్తుకుని కుంపటి చుట్టూ తిరిగితిని."

అమ్మకు ఇంకో సంతోషం. పెనం మూసినందువల్ల బొగ్గులు గబగబా కాలిపోకుండా నెమ్మదిగా, ఎక్కువసేపు నిలుస్తున్నాయి. మంట లేదు, పొగ లేదు, కళ్ళు మండటం లేదు. "గాలి కూడా ఆడతాండాది, ఇంకేం కావల్ల" అంది అవ్వ. ఆ మాటతో అందరికీ ధైర్యం వచ్చింది. అది బయటి గాలిని తెచ్చేది కాదని, గదిలో ఉన్నదాన్నే తిప్పి తిప్పి మాకు పంచుతోందని ఒక్కరికీ తట్టలేదు.

మర్నాటి నుంచి నాకు తలనొప్పి. కణతల దగ్గర ఎవరో అదిమినట్టు ఉండేది. ఒళ్ళు బరువు, కడుపులో వికారం. విచిత్రం ఏమిటంటే పెరట్లో నీళ్ళు పోయించుకునేటప్పుడు నొప్పి పోయేది, గదిలోకి వచ్చి పడుకున్నాక మళ్ళీ పట్టుకునేది.

"అవ్వా, ఈ గదిలోనే వస్తాండాది నొప్పి. పెరట్లోకి పోతే లేదు" అన్నాను.

"కాగే నీళ్ళు తలమీద పడితే యాడి నొప్పైనా పోతాది. బయట గాలి తగిలి మళ్ళా వస్తాండాది" అని తలగుడ్డ ఇంకా గట్టిగా బిగించింది. సందులో చీర ఎక్కడో వదులైందని కిటికీ కూడా మళ్ళీ కుక్కించింది.

బిడ్డ ఏడవడం తగ్గించేసింది. అంతకు ముందు పాలకు ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇల్లు ఎగరగొట్టేది. ఇప్పుడు లేపితే తప్ప లేవదు, రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్ర. బుగ్గలు గులాబీ రంగులో మెరుస్తున్నాయి. వచ్చినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలో అని మెటికలు విరిచారు. నాకు మాత్రం ఆ నిద్ర చూస్తే భయం వేసేది. భయమని పైకి అంటే బాలింత దిష్టి మాటలు మాట్లాడకూడదంటారు, అందుకని నోరు మూసుకున్నాను.

ఒక మధ్యాహ్నం నన్ను లేపింది నా పాలే. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, రవిక తడిసి, ఆ సలుపుకు మెలకువ వచ్చింది. అంటే బిడ్డ తాగవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. దగ్గరికి తీసుకుని నోట్లో పెట్టాను. పెదవులు కదల్లేదు. అరికాలి మీద గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. ఉలుకూ పలుకూ లేదు.

"అవ్వా" అని పిలిచాను. అవ్వ కుంపటి పక్కన గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ ముడతల మొహం ఎర్రగా, వయసు తగ్గినట్టు నిగనిగలాడుతోంది. పలకలేదు. పెనం మీద ఫ్యాను మాత్రం హాయిగా తిరుగుతోంది.

లేవబోతే కాళ్ళు నావి కానట్టు మడతపడ్డాయి. బిడ్డను ఒక చేత్తో పొట్టకు అదుముకుని నేల మీద పాకాను. తలుపు దాకా పోవడం ఎంతకూ తెమలలేదు. గోనెపట్ట లాగి పారేశాను. తలుపు రాలేదు. పిల్లి దూరుతుందని అమ్మ బయట గొళ్ళెం పెట్టి పాకలో ఆవు దగ్గరికి వెళ్ళింది. చేతికందిన చెంబుతో తలుపును బాదాను. నా బిడ్డ చచ్చిపోతోందని అరవాలనుకున్నాను, నోరు తిరగలేదు. చెంబుతోనే బాదుతూ ఉన్నాను.

"ఏందే ఆ కొట్టేది, బిడ్డ లేస్తాది!" అంటూ వచ్చి అమ్మ గొళ్ళెం తీసింది. గడప మీద అడ్డంగా బయటికి పడ్డాను. తుంపర బిడ్డ మొహం మీద పడింది. "అయ్యో, చలిగాలి! లోపలికి పోయే!" అని అమ్మ నా భుజాలు పట్టి లోపలికి నెడుతోంది, నేను గడప పట్టుకుని వదలడం లేదు. ఆ పెనుగులాటలో బిడ్డ ఒకసారి ఎగపీల్చింది. ఒళ్ళంతా బిగదీసి, సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది. ఆ ఏడుపు విని అమ్మ చేతులు ఆగాయి. అప్పుడు లోపలికి తొంగి చూసి అవ్వను పిలిచింది. మళ్ళీ పిలిచింది. అవ్వ లేవలేదు.

అవ్వను వసారాలో పడుకోబెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళందరి నోటా ఒకటే మాట. పసిబిడ్డకూ బాలింతకూ పీనుగ గాలి తగలకూడదు, ముందు వాళ్ళను గదిలో పెట్టి తలుపు వేయండి. అమ్మ ఏడుస్తూనే కుంపటిలో కొత్త బొగ్గులు పోసింది, పెనం సర్దింది, ఫ్యాను నిలబెట్టింది. చేసేదేమిటో తెలియకుండానే చేతులు అలవాటు కొద్దీ చేస్తున్నాయి. రెక్క వణకడం గుమ్మంలోంచి చూశాను. పెరట్లో బానలోని నీళ్ళు చెంబుతో తెచ్చి కుంపటిలో కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. కిటికీలో చీరలు పెరికి పారేశాను.

బాలింత గదిలో నిప్పు ఆర్పడం మా వైపు ఎవరూ చేయని పని. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అమ్మ నా చెంప మీద కొట్టింది. "తలుపు తీయించి చలిగాలి పెట్టి మా అమ్మను చంపితివి. ఇంక బిడ్డను గూడా చంపుతావా?"

బిడ్డను పట్టుకుని పెరట్లో పాక కింద ఆవు పక్కన కూర్చున్నాను. మా ఆయన కబురు తెలిసి బండి మీద వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు. ఆయన ఎవరితోనూ వాదించకుండా ఆటో పిలిపించి మమ్మల్ని పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాడు. బొగ్గుల్లోంచి వచ్చే ఆ విషగాలికి వాసన ఉండదని, రంగు ఉండదని, నిద్రలా వస్తుందని అక్కడి నర్సమ్మ చెప్పింది. అమ్మకు చెప్పాం. విన్నది. "ఎన్ని కాన్పులు చూసింటాదప్పా మా అమ్మ, ఎవరికీ ఏమీ కాలేదే" అంది. అల్లుడి మీద గౌరవంతో అంతకంటే ఏమీ అనలేదు.

నా బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. గట్టిగా నిద్రపోతే ఇప్పటికీ ఊరికే లేపుతాను, అది నన్ను తిడుతుంది.

ఈ మధ్య మళ్ళీ ముసురు పట్టింది. మా చెల్లెలు కాన్పుకని పుట్టింటికి చేరింది. నిన్న అమ్మ ఫోన్ చేసి చెల్లెలి కాళ్ళ వాపుల గురించి, ఆవు ఈనడం గురించి చెప్పి, పెట్టేయబోతూ అంది:

"అటక మీద నుంచి ఆ ఫ్యాను దించినా. తుడిచి, పెనం మీద పెట్టి చూసినా. ఇంకా బాగా తిరుగుతాండాదే."

ఫోను మంచం మీద పడేసి, సంచి దించాను. అమ్మ అటునుంచి హలో, హలో అంటోంది.

"కాన్పుకు ఇంకా టైముండాది కదా" అన్నాడు మా ఆయన. నేను బట్టలు సర్దుకుంటున్నాను.