కొత్త పళ్ళు, పెరటి కోళ్ళు

బాకా మావయ్యకు ముందు పళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడిపోయాయి. మీకో నాకో పళ్ళూడితే గట్టివి తినడం మానేస్తాం, అంతటితో సరి. ఆయన సంగతి అలా కాదు. బాకా ఊదేవాడికి పెదవుల వెనక గోడలా నిలబడేవి ఆ పళ్ళే. గోడ కూలాక పెదవి ఎక్కడ ఆనుతుంది, గాలి ఎటు పోతుంది?

మీసాలు మొలవకముందే బ్యాండులో చేరిన మనిషి. పెళ్ళిళ్ళకూ, కొత్త దుకాణాలకూ, బడిపిల్లల పరుగు పందాలకూ ఊది ఊది బుగ్గలు రెండూ సాగిపోయాయి. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. వీధి మొత్తానికీ ఆయన బాకా మావయ్య, ఆయన భార్య అత్తయ్య.

డాక్టరు పళ్ళ సెట్టు కట్టి ఇచ్చాడు. ఆ సెట్టు పెట్టుకుని ఆయన మొదటిసారి ఊదిన రోజున అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? దేన్ని తొక్కారు?"

"దేన్నీ తొక్కలేదు. పాట ఊదాను."

"పాటా!" అని ఆవిడ ఆయన మొహంలోకి చూసి, నవ్వాపుకోలేక గరిటె అడ్డం పెట్టుకుంది.

బ్యాండు మేస్త్రి మావయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే, మంచివాడు. "అన్నా, నీ చోటు ఇంకొకరికి ఇవ్వను. ఊరేగింపు పాట ఒక్కటి మొదటినుంచి చివరిదాకా తడబడకుండా ఊదు చాలు. ఆ రోజే యూనిఫాం తెచ్చి నీ చేతిలో పెడతా" అన్నాడు. ఆ మాట మావయ్యను పట్టుకుని వదల్లేదు. బాకా లేకపోతే తాను ఎవరో ఆయనకే అంతు పట్టడం లేదు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్ళే పని లేక మళ్ళీ మంచం మీద కూర్చునేవాడు. పైకి చెప్పలేదు గానీ లోపల భయంగా ఉండేది.

ఇంట్లో ఊదితే గిన్నెలు అదురుతున్నాయని అత్తయ్య ఆయన్ని పెరట్లోకి తోలింది. పెరట్లో ఆవిడ కోళ్ళున్నాయి. ఒకటి దొరసాని, బురద అంటకుండా కాళ్ళెత్తి నడుస్తుంది. ఒకటి చాడీలమ్మ, ఎవరు గుడ్డు పెట్టినా వీధంతా చాటుతుంది. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, విడిగా మేయరు. ఇక మొద్దు, దాని గురించి చెప్పడానికేమీ లేదు. అత్తయ్య మొగుడితో కన్నా వీటితోనే ఎక్కువ కబుర్లాడేది. "ఈయనకన్నా ఇవే నయం, పిలిస్తే పలుకుతాయి" అని ఆయన వింటుండగానే అనేది.

రోజూ కోళ్ళు గూట్లోకి వెళ్ళే వేళకు మావయ్య బకెట్టు బోర్లించి కూర్చుని సాధన మొదలుపెట్టేవాడు. ఒక స్వరం బొంగురుపోయేది, ఇంకోటి కీచుమనేది, మూడోది వచ్చేదే కాదు, ఉత్త గాలి బుస్సుమనేది. ఒకసారైతే ఊదిన ఊపుకు సెట్టు జారి కోళ్ళ నీళ్ళ గిన్నెలో పడింది. దొరసాని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన స్థాయికి తగదని పక్కకు తప్పుకుంది. కోళ్ళు ఆ చప్పుడుకు అలవాటు పడిపోయాయి. మనుషులే పడలేదు.

పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తల పెట్టింది. "మావయ్యగారూ, ఏమీ అనుకోకండి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నా. మీరు ఊదినప్పుడల్లా నా చెయ్యి అదిరిపోయి సున్నా పడుతోంది. అవి దిద్దడం అయ్యేదాకా కాస్త ఆగుతారా?"

పిల్లల ఉసురు తగులుతుందని మావయ్య హడలిపోయాడు. బాకా తుడిచి వెనక వసారా గోడకు తగిలించాడు.

అదిగో, ఆ రోజుల్లోనే బావురుపిల్లి దిగింది. ఒక సాయంత్రం అత్తయ్య దుకాణానికి వెళ్ళింది, మావయ్య ముందు గదిలో రేడియో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి గూటి తలుపు వేలాడుతోంది, పెరడంతా ఈకలు. దొరసాని లేదు. అక్కాచెల్లెళ్ళు లేరు. చాడీలమ్మ బట్టలారేసే గుంజ మీదికెక్కి కూర్చుంది, జన్మలో మొదటిసారి దానికి నోట మాట రాలేదు. మొద్దు గూట్లోనే ఉంది. ఏదో జరిగిందన్న అనుమానం కూడా దానికి వచ్చినట్టు లేదు.

అత్తయ్య ఈకల మధ్య కూలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. మావయ్య పక్కన నిలబడ్డాడు. ఆవిడ భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాడు గానీ, రేడియో వింటూ గురక పెట్టిన మనిషికి ఆ హక్కుందో లేదో తేల్చుకోలేకపోయాడు.

ఓదార్చడానికి వచ్చిన టీచరమ్మే అసలు ప్రశ్న వేసింది. "ఇన్నాళ్ళూ రానిది ఇప్పుడే ఎందుకొచ్చిందంటారు అత్తయ్యగారూ?"

ముగ్గురూ ఒకేసారి గోడకున్న బాకా వైపు చూశారు.

"ఈయన ఊదితే మనుషులే నిలబడలేరు" అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ. "ఇక పిల్లి ఏం నిలబడుతుంది? రేపట్నుంచి మళ్ళీ ఊదండి."

మావయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. కానీ పళ్ళు ఊడాక ఇంట్లో తనని ఊదమని అడగడం అదే మొదలు. పౌరుషాన్ని మింగేశాడు. వారం వారం అందే గుడ్లు తల్చుకుని టీచరమ్మ కూడా మెత్తబడింది. "పేపర్లకేం, పొద్దున దిద్దుకుంటా. మీరు కానివ్వండి" అంది.

అలా మావయ్యకు కాపలా ఉద్యోగం దొరికింది. ఊదే ముందు నోరు పుక్కిలించుకోమని అత్తయ్యే వేడినీళ్ళు తెచ్చి ఇచ్చేది. గోడ మీద బావురుపిల్లి తల లేవడమూ, బాకా కీచుమనడమూ, ఆ తల చెవులు వెనక్కి మడుచుకుని అవతలికి దూకడమూ రోజూ జరిగే భాగోతం అయిపోయింది. మావయ్య ఛాతీ విరుచుకుని తిరిగాడు.

చిక్కల్లా ఏమిటంటే, సాధన పాడుది. చేస్తూ పోతే పని వచ్చేస్తుంది. కీచులు తగ్గాయి. సెట్టు చిగుళ్ళకు అమిరింది. పెదవి తన పాత చోటు వెతుక్కుంది. పిల్లి మెల్లమెల్లగా తల ఇంకాస్త పైకెత్తి, ఇంకాస్త సేపు ఉండసాగింది. మావయ్య ఆ సంగతి గమనించనట్టు నటించాడు.

ఒక సాయంత్రం ఊరేగింపు పాట వచ్చింది. ఉన్నట్టుండి, ఎక్కడా తడబడకుండా. ఎక్కాల్సిన చోట ఎక్కింది, దిగాల్సిన చోట దిగింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది. మావయ్య కళ్ళు మూసుకుని ఊదుతూ పోయాడు. కళ్ళు తెరిచేసరికి బావురుపిల్లి గోడ మీద ముందుకాళ్ళు మడుచుకుని, తోక కిందికి వదిలేసి, దర్జాగా కూర్చుని వింటోంది. తర్వాత ఒళ్ళు విరుచుకుని పెరట్లోకి దిగింది. గూటి వైపు నడిచింది.

మావయ్య పిల్లినే చూస్తూ ఊదుతున్నాడు. ఒక్క కీచు చాలు, అది పారిపోతుంది. నాలుకతో సెట్టును కాస్త కదిపితే సరి. కానీ పాటలో ఇంకా చివరి చరణం మిగిలే ఉంది. ఇప్పుడు ఆపితే ఇది మళ్ళీ వస్తుందో రాదో. ఈకల మధ్య కూర్చుని ఏడ్చిన భార్య కళ్ళ ముందు మెదిలింది. ఆయన నాలుక సెట్టు మీదికి పోయింది.

"ఆపారంటే ఊరుకోను!"

అత్తయ్య ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. గబగబా గూటి దగ్గరికి నడిచింది. బుస్సుమన్న పిల్లిని "పోవే, పెద్ద చెప్పొచ్చావు!" అని చెంగుతో అదిలించి, తలుపు తీసి ఒక చంకలో మొద్దునూ, ఇంకో చంకలో చాడీలమ్మనూ ఇరికించుకుంది. "వీటి సంగతి నేను చూసుకుంటా. మీరు కానివ్వండి."

చాడీలమ్మ వీరంగం మధ్యనే మావయ్య చివరి చరణం ఊదాడు. ఒక్క స్వరం కూడా జారలేదు. బావురుపిల్లి ఖాళీ గూడు చుట్టూ తిరిగి, చేసేది లేక అక్కడే చతికిలబడింది.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని కోళ్ళను ఒళ్ళో సర్దుకుంది. "రేపే మేస్త్రికి కబురు పెట్టండి. ఇవాళ్టినుంచి ఇవి మన గదిలోనే పడుకుంటాయి."

"మరి నేనెక్కడ పడుకోను?"

"అది తర్వాత చూద్దాం. ముందు ఇంకోసారి ఊదండి" అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ ఊదారు. ఒక్కనాడైనా నేను కూర్చుని విన్నానా?"

మావయ్య పెదవులు తుడుచుకుని, బకెట్టును ఆవిడ ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు.