తొమ్మిది మందిని మింగిన ప్రొసీజర్

కరోనా మొదటి లాక్‌డౌన్ ముగిసి, ఊళ్ళకు వెళ్ళిన నేతకార్మికులు మళ్ళీ సూరత్ రైలెక్కుతున్న రోజులవి. ఆ ఊళ్ళోనే ఉధ్నా అనే పేటలో ఒక మరమగ్గాల కార్ఖానాలో నేను కంప్యూటర్ పని చూసేవాణ్ణి. డేటాబేస్ విద్య నాకు ఏ కాలేజీ చెప్పలేదు, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న లావుపాటి పుస్తకం చెప్పింది. లైబ్రరీ మూతపడటంతో అది నెలల తరబడి నా దగ్గరే ఉండిపోయింది. అంత అదృష్టం ఎవరికి దొరుకుతుంది! రెండుసార్లు చదివాను, ఎర్రర్ల అధ్యాయం తప్ప. అది తప్పులు చేసేవాళ్ళ కోసమని దాటేశాను.

అప్పట్లో జాబితాలో పేరున్నవాళ్ళనే గేటు లోపలికి వదిలేవారు. పేర్లు ఎక్కించడానికి నేనొక స్టోర్డ్ ప్రొసీజర్ రాశాను. అంటే డేటాబేస్‌లోనే దాచిన ఆదేశాల వరుస, ఒక్కసారి పిలిస్తే పనంతా చేసుకుపోతుంది. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కకుండా ఫోన్ నంబరును గుర్తుగా పెట్టాను. తెరపై ఎర్ర అక్షరాలు చూస్తే మా యజమాని సేఠ్ కంగారుపడతాడు. అందుకని ఎర్రర్‌ను పట్టుకునే చోటును ఖాళీగా వదిలి, చివర్లో 'పూర్తయింది' అని పచ్చటి మాట పెట్టాను.

మొదటి ఉదయమే ఒక పెద్దాయన ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చాడు. మాస్కు గడ్డం కింద ఉంది.

"ఏంది తమ్మీ, నా పేరు లేదంటున్నడు వాచ్‌మన్! పదింటికల్లా లోపలికి పోకుంటే నా సాంచలు ఇంకొకనికిస్తరట. పన్నెండేండ్ల సంది నేను నడుపుతున్న మగ్గాలవి."

"నిన్ననే ఎక్కించిన కాకా. పూర్తయిందని గూడ వచ్చింది."

"పూర్తయితే నేనెందుకు బయటున్న?"

జాబితా తెరిచాను. భేస్తాన్ పేటలో ఆయన మరికొందరితో కలిసి ఉండే గది నుంచి పది పేర్లు ఇస్తే ఒక్కటే ఎక్కింది. ఫోన్ నంబరు అడిగాను.

"గదిల ఫోను ఒక్కటే, నాది. అందరికీ అదే రాయించినం."

అప్పుడర్థమైంది. మొదటి పేరు ఎక్కింది. అదే నంబరు మళ్ళీ కనబడగానే మిగతా తొమ్మిదింటినీ డేటాబేస్ తిప్పికొట్టింది. ఆ ఫిర్యాదులన్నీ నా ఖాళీ చోటులో పడి చప్పుడు లేకుండా పోయాయి. ఎక్కిన ఆ ఒక్క పేరు ఎవరిదో కాకకు చెప్పాను.

"అంటే ఫోను నాది, లోపలికి పోయింది వాడా? పొద్దున గూడ నా ఫోన్లనే పెండ్లాంతోని ముచ్చట పెట్టిండు!"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. గడియారంలో పదికి ఇరవై నిమిషాలు తక్కువ.

వదిలేసిన అధ్యాయాన్ని నిలబడే చదివాను. తప్పును దాచకు, సగం జరిగిన పనిని వెనక్కి తీసుకో, ఎవరి దగ్గర ఎందుకు ఆగిందో పిలిచినవాడికి చెప్పు. అంతే సంగతి! గుర్తును వాళ్ళు పేర్లతోపాటు రాయించిన ఆధార్ నంబరుకు మార్చి, ఖాళీ చోటు నింపి, గదివాళ్ళ మిగతా తొమ్మిది పేర్లూ మళ్ళీ నడిపించాను. తెర ఎర్రబడింది.

"అరే భాయ్, యే లాల్ క్యా ఆయా?" అంటూ, ఆ ఎరుపేంటని కంగారుగా సేఠ్ లేచాడు.

తప్పు దొరికిందని హిందీలో గర్వంగా చెప్పాను. గదివాళ్ళలో ఒకరి ఆధార్‌లో అంకె తగ్గింది. పేరుతో సహా చూపిస్తోంది. ఒక్క పేరూ సగంలో ఎక్కలేదు.

"నాదేనా తమ్మీ?"

"నీది కాదు కాకా. నీ వెనకాయనది. కార్డు తియ్యమను జర."

అంకె సరిచేసి నడిపితే తొమ్మిదిమందీ ఎక్కారు. పది కాకముందే కొత్త జాబితా కాగితం వాచ్‌మన్ చేతికి అందగానే కాక మాస్కు పైకి లాక్కుని, తన సాంచల వైపు చిన్నపిల్లాడిలా పరుగెత్తాడు.