వర్లిలో జరిగిన పెళ్ళిచూపులు

ట్యాక్సీ అతను ఎక్కడికని అడిగితే నాగ్‌పాడా అన్నాను. అక్కడ దిగి, బ్యాగు మోసుకుంటూ ఫాక్‌లాండ్ రోడ్డు దాటి, కామాఠీపురలో మేం పుట్టి పెరిగిన చాల్‌కు, ఆ ఒంటిగదుల వరసల మేడకు, నడిచి వెళ్ళాను. పెళ్ళయి నిజామాబాద్ వెళ్ళిపోయాక ఈ తొమ్మిదేళ్ళలో అక్కడికి రావడం అదే మొదటిసారి.

అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. రాకుండా ఎట్లా ఉంటాను? ఒంటిగది ఇంట్లో, కాలికి కట్టుతో మంచం మీద కూర్చుని నన్ను చూడగానే నవ్వింది. నేనే కుదురుగా ఉండలేకపోయాను. గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ కడిగాను. వరండాలోకి వెళ్ళి కిందికి తొంగిచూసి, ఎవరైనా గుర్తుపట్టి పిలుస్తారేమోనని గబుక్కున లోపలికి వచ్చేదాన్ని.

“మావ్షీ, బస్ నా!” అంది అక్క కూతురు, పిన్నిని కూర్చోమని. ఆ పిల్లకు తెలుగు కంటే మరాఠీయే దగ్గర.

“కూసో చెల్లె,” అంది అక్క. “కాలిరిగింది నాకు. నువ్వెందుకట్ల తిరుగుతున్నవ్?”

కామాఠీపుర అనగానే లోకానికి గుర్తొచ్చేది ఒళ్ళమ్ముకునే సందులే. ఆ సందులు లేవని నేననను. కానీ ఈ నగరంలో రాళ్ళు మోసి, గోడలు లేపిన మా ముత్తాతల సంసారాలూ ఆ పక్కనే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికి చెప్పగలం? అందుకే నా పెళ్ళిచూపులు నగరంలో ఇంకోచోట, వర్లిలో, మా మేనత్త గదిలో జరిగాయి. మగపెళ్ళివాళ్ళు అదే మా ఇల్లనుకున్నారు. మా ఆయన ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నాడు. అక్క కూడా అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. అక్క ఎట్లా ఉందో అడిగి, “మీ మేనత్తకు ఇయ్యి, ఒకసారి పలకరిస్త,” అన్నాడు.

“బజారుకు పోయింది,” అన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే అక్క నావైపే చూస్తోంది.

“అంటే, నా కాలిరిగింది గూడ వర్లిలనేనా?” అంది. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది.

సాయంత్రం వరకూ ఆ గదిలో తిరుగుతూనే ఉన్నాను. చివరికి వరండాలో నిలబడి ఆయనకు ఫోన్ చేశాను.

“నేను వర్లిల లేను. కామాఠీపురల ఉన్న. మా అక్క ఇల్లు ఇదే. నేను పుట్టింది గూడ ఇక్కడ్నే.”

“మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?”

“మొదట మావోళ్ళు చెప్పొద్దన్నరు. తర్వాత నాకే ధైర్యం చాలలె.”

ఫోన్ కట్టయింది. రెండు రోజులు మళ్ళీ మోగలేదు. వండిన కూరలో ఒకసారి ఉప్పు మరిచిపోయాను, ఇంకోసారి రెండుసార్లు వేశాను. అక్క ఏమీ అనకుండా తింది.

మూడో రోజు ఆయనే వచ్చాడు, మా అక్క పేరు చెప్పి దారి అడుక్కుంటూ. అక్క లేవబోతే వద్దని, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళు కట్టు ఉంచాలన్నారో అడిగాడు. కిందికి వెళ్ళి అరటిపళ్ళు తెచ్చాడు. ఆ పిల్లతో హిందీలో చదువు గురించి మాట్లాడాడు. అక్క ముఖం వెలిగిపోయింది.

“ఇంత మంచోనికాడ దాసిపెట్టినం గద చెల్లె,” అని నా చెవిలో గొణిగింది.

నాతో మాత్రం ఆయన అవసరమైనంతవరకే మాట్లాడాడు. నాలుగు రోజుల తర్వాత, అక్క కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాక, ఇద్దరం రైలెక్కాం. తెల్లవారాక, ఎదురుగా ఉన్నవాళ్ళు దిగిపోయాక, నోరు విప్పాడు.

“మీ ఇల్లు యాడుంటే నాకేంది? తొమ్మిదేండ్లు నన్ను ఎసుంటోడు అనుకున్నవ్? అది చెప్పు.”

ఏం చెప్పినా మళ్ళీ ఇంకో అబద్ధంలాగే ఉండేది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాను. నాందేడ్‌లో రైలాగితే దిగి వెళ్ళి రెండు చాయ్‌లు తెచ్చాడు. ఒకటి నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.